పన్నెండు పానా

చిరంజీవి మా పెద్దమ్మాయికి మీ నాన్న దీవించి రాసే ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ అక్కడ వేళకి తింటూ, వేళకి పడుకుంటూ క్షేమంగా ఉన్నావని అనుకుంటున్నాం. క్షేమం అని రాసేశాను గానీ అమ్మ వరకూ, తమ్ముడి వరకూ ఆ మాట నిజం. నా సంగతి వేరే ఉంది. అది రాయడానికే కూర్చున్నాను. పొద్దుటి నుంచి మూడు కాగితాలు చించాను, ఇది నాలుగోది. దీన్ని కూడా చించితే మీ అమ్మ ఊరుకునేలా లేదు. కుట్టుమిషను సరిగ్గా నాకెదురుగా వేసుకుని కూర్చుంది. కుట్టేది తక్కువ, నన్ను చూసేది ఎక్కువ.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. షెడ్డు పైరేకు ఇంకా కారుతోందా అన్నావు. కారుతోంది. ఇదివరకు ఒకచోట కారేది, నేనెక్కి బాగుచేశాక రెండుచోట్ల కారుతోంది. తమ్ముడికి సైకిలు తొక్కడం వచ్చిందా అన్నావు. తొక్కడం వచ్చింది, ఆపడం రాలేదు. మావయ్య వెల్డింగు అద్దం మార్చాడా అన్నావు. బీటపడ్డ అద్దంతోనే నెట్టుకొస్తున్నాడు. చెబితే వినే రకమా? మీ అమ్మ తోడబుట్టినవాడాయె. ఈ ముక్క మీ అమ్మ నా భుజం మీంచి చదివి, "అసలు సంగతికి రండి" అంది.

నా బొటనవేలు చలికి ఇంకా నొప్పి పెడుతోందా అని కూడా అడిగావు. పెట్టడం లేదమ్మా. నొప్పి పెట్టకపోవడమే వచ్చిన చిక్కు. అది కాసేపాగి చెబుతాను.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. ఈ శిక్షణలో ఇంజన్ల విభాగం తీసుకోనా, స్టోర్సులో పనిముట్లు ఇచ్చిపుచ్చుకునే పని తీసుకోనా, నెలాఖరులోగా రాసివ్వాలి, నువ్వే చెప్పు నాన్నా అన్నావు. చివర్లో ఒక మూల చిన్న అక్షరాలతో, "నేను పారేసిన పన్నెండు నంబరు పానా ఎప్పటికైనా దొరికిందా" అని రాశావు. ఈ రెండిటికీ జవాబు ఒకటే. ఎక్కడికీ పారిపోను, వస్తాను.

పోయిన వారం రొట్టెలాయన వ్యాను మళ్ళీ రిపేరుకని మన షెడ్డుకొచ్చింది. అదే తెల్ల వ్యాను, వెనక తలుపుకి తాడు కట్టుకుని తిరిగేది. వీధి మలుపులో ఉండగానే దాని చప్పుడు పోల్చుకున్నాను. ఇంజనుకి పొగగొట్టం అతికే చోట మధ్యలో వేసే గాస్కెట్టు పొర చిరిగితే ఎలా మోగుతుందో నీకు చెప్పక్కర్లేదు. రొట్టెలాయన దిగుతూనే దగ్గు. "మేస్త్రీ, పొగంతా లోపలికే కొడుతోంది. పొద్దున్నే అద్దాలు మూసుకుని బయల్దేరితే రెండు వీధులు తిరిగేసరికి తల పగిలిపోతోంది. రొట్టె కూడా పొగవాసనేస్తోందని మా ఆవిడ వ్యాను ఎక్కడం మానేసింది" అన్నాడు.

మూత ఎత్తాను. పొగగొట్టాన్ని పట్టి ఉంచే ఆరు బోల్టుల్లో అయిదు తుప్పు పట్టినా బుద్ధిగా ఉన్నాయి. ఆరోది, వెనక మూల గోడరేకు వైపున్నది, రెండేళ్ళ క్రితం ఎలా వదిలేశానో అలాగే ఉంది. ఆరు మూలలూ అరిగి గుండైపోయి, పైన నేను పూసిన లప్పం ఎండి పెచ్చులూడుతూ ఉంది. మూడు నెలలు ఆగితే చాలనుకుని పూసిన లప్పం అది. రొట్టెలాయన తల లోపలికి పెట్టి చూసి, "ఇది ఆ రోజు మీ అమ్మాయి పాడుచేసిన బోల్టే కదూ?" అన్నాడు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది నాకు. అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఊఁ అన్నాను.

నీకు తెలియని సంగతి ఇంకోటి చెప్పాలి. నువ్వు వెళ్ళాక షెడ్డులో ఏ బండికి బోల్టు గుండైనా దాన్ని "అమ్మాయి బోల్టు" అంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పెయింటరు అంటాడు, టైర్లాయన అంటాడు, వాళ్ళ నోట విని డ్రైవర్లు కూడా అంటారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఏదో ఒకటి వెతుక్కుంటూ పక్కకి పోయేవాణ్ణి. పోనీ అంతటితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఒకరోజు నలుగురిలో నేనూ అన్నాను ఆ మాట. అందరూ నవ్వితే నేనూ నవ్వాను.

సరే, బోల్టు రాకపోతే పొర మారదు. పొర మారకపోతే ఆ మనిషి దగ్గు ఆగదు. మొదటి రోజంతా తుప్పు వదిలే నూనె పోస్తూ, గంటకోసారి సుత్తితో నెత్తిన తట్టుతూ గడిపాను. రెండో రోజు ఒక సైజు చిన్నది, పదకొండు సాకెట్టు, సుత్తితో కొట్టి దాని నెత్తిన బిగువుగా దింపాను. పట్టినట్టే పట్టి జారింది. చేయి వెళ్ళి గోడరేకుకి గీరుకుంది. ఉలి ఆనించి ఎడమవైపుకి కొట్టాను. బోల్టు కదల్లేదు గానీ ఒక పక్క చెక్కు లేచిపోయింది. ఇంకో రెండు దెబ్బలు వేస్తే తల తెగి, మొండెం లోపలే ఉండిపోయేది. అప్పుడిక ఇంజను హెడ్డు మొత్తం విప్పుకోవాల్సిందే. మీ మావయ్య దూరం నుంచి చూస్తూ, "బావా, బోల్టుని విప్పుతున్నావా, పగ తీర్చుకుంటున్నావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండడానికి కారణం వాడన్నది నిజం కావడం.

మూడో రోజు పొద్దున నీ ఉత్తరం గుర్తొచ్చింది. మీ బోధకురాలు గుండైన బోల్టు నెత్తిన పెద్ద నట్టు పెట్టి, నట్టు బొక్కలోంచి వెల్డింగు నింపి తీయించిందనీ, నీ చేత చేయిస్తే మొదటిసారే వచ్చిందనీ రాశావు కదా. చదివినప్పుడు నేను, "ఇన్నేళ్ళు అవేవీ లేకుండానే తీశాం" అని సణిగాను. ఆ ఉత్తరమే జేబులో పెట్టుకెళ్ళి, ఆ నాలుగు వాక్యాలూ మీ మావయ్యకి చదివి వినిపించాను. నట్టు వెడల్పు ఎంతుండాలో, వెల్డింగు అయ్యాక ఎరుపు పోయేదాకా ముట్టుకోకూడదని, ఒక్కసారిగా లాగకుండా కాస్త విప్పి కాస్త బిగించి మళ్ళీ విప్పాలని, అన్నీ రాశావు. వాడు అలాగే చేశాడు. పదిహేడు పానా పెట్టి నేను నెమ్మదిగా ఒత్తాను. కీచుమంది. తెగిందేమోననుకున్నాను. తెగలేదు, తిరిగింది. పావు చుట్టు విప్పడం, కొంచెం వెనక్కి బిగించడం, నూనె చుక్క వేయడం. టీ చల్లారేలోపు నెత్తిన నట్టుతో సహా గుడ్డ పరిచిన నా అరచేతిలో ఉంది.

రొట్టెలాయన చప్పట్లు కొట్టాడు. మీ మావయ్య ముఖం మీది అద్దం ఎత్తి, "చూశావా బావా, బోల్టు పాడుచేసిన పిల్లే బోల్టు తీసే ఉపాయం పంపింది" అన్నాడు. మెచ్చుకుంటూ అన్నాడమ్మా, పాపం వాడికేం తెలుసు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ వేడి బోల్టు గుడ్డలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇక చెబుతాను. కలం పక్కన పెట్టి మంచినీళ్ళు తాగి వచ్చాను. మీ అమ్మ మిషను ఆపేసింది.

ఆ బోల్టు నువ్వు పాడుచేయలేదు. నేను చేశాను.

నీ చిన్నప్పటి నుంచీ చూశావు కదా, పానా మీద అంకె నేనెప్పుడూ చదివేవాణ్ణి కాదు. బొటనవేలు పానా నోట్లో పెట్టి తడిమితే చాలు, ఎనిమిదో, పదో, పధ్నాలుగో చెప్పేసేవాణ్ణి. టైర్లాయన నా కళ్ళకి గుడ్డ కట్టి పందెం కాసేవాడు. మేస్త్రి వేలు తప్పదు అనేవాళ్ళు. అది విని విని నాకు ఒళ్ళు తెలియకుండా పోయింది. ఆ వేలు సైలెన్సరు మీద కాలిన సంగతి నీకు తెలుసు, కట్టు కట్టింది నువ్వే. మానిపోయిందని చెప్పాను. చర్మం మానింది, స్పర్శ రాలేదు. ఆ వేలికొస ఇప్పటికీ మొద్దే. ఆ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. వేలు పోతే మేస్త్రిగా నా పని అయిపోయినట్టేనని భయపడ్డాను. అంకె చదువుకుంటే పోయేదానికి, నలుగురి ముందు పానా తిప్పి అంకె చూడ్డం నామోషీ అనిపించింది.

ఆ వ్యాను మొదటిసారి వచ్చిన రోజు, మీరంతా ఇళ్ళకెళ్ళాక, అయిదు బోల్టులు వదులు చేసి ఆరోదానికొచ్చాను. మధ్యలో కింద పెట్టిన పానా మళ్ళీ తీస్తూ అలవాటుగా తడిమాను. పన్నెండు అనుకున్నాను. పదమూడు. బోల్టు రాకపోతే పానాకి పైపు తొడిగి బలంగా లాగాను. ఒక్క గుంజుకి ఆరు మూలలూ పోయాయి. అప్పుడు అంకె చూశాను. పానాని కిరోసిన్ తొట్టిలో పడేసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను. ఆ పూట నువ్వే నాకు వడ్డించావు.

పొద్దున్నే నిన్ను పిలిచి, ఆ వెనక బోల్టు విప్పు అన్నాను. ఎందుకు పిలిచానో ఎన్నిసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నానో. నీ లేత చేతికైనా వస్తుందేమోనన్న ఆశ అని ఒకప్పుడు చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. ఇంకెవరి చేతిలోనైనా జారాలని పిలిచాను. నువ్వు వంగి, పానా పెట్టి తిప్పావు, అది గిర్రున తిరిగింది. రొట్టెలాయన ఉన్నాడు, పెయింటరు ఉన్నాడు, మీ మావయ్య ఉన్నాడు. "చేతిలో బరువే గానీ తలలో ఏమీ లేదు. పదమూడు పెట్టి గుండు చేశావు, ఇక నీ చేతిని నమ్మేదెలా?" అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడు అంటారే, నేను తప్పు మద్దెల మీద కాదు, కన్నకూతురి మీద పెట్టాను.

నువ్వు ఏడవలేదు. "పన్నెండే నాన్నా, చూసే పెట్టాను" అన్నావు. నీ చేతిలోంచి పానా లాక్కుని, అందరికీ కనపడేలా బొటనవేలితో తడిమి, "పదమూడు" అన్నాను.

వేలికి ఏమీ తెలియలేదమ్మా. కానీ కళ్ళున్నాయిగా. అంకె నా కళ్ళకెదురుగా ఉంది. పన్నెండు. అది చదివి, పదమూడు అన్నాను. అంకె ఎవరూ చూడలేదు. మేస్త్రి వేలు తడిమాక ఇంకెవరు చూస్తారు? దాన్ని తీసుకెళ్ళి తొట్టిలోకి విసిరాను. నువ్వు ముఖం కడుక్కోవడానికి వెళ్ళగానే, చేయి పెట్టి పన్నెండు వెతికి తీసి జేబులో వేసుకున్నాను. ముందురోజు రాత్రి పడేసిన పదమూడు అక్కడే వదిలేశాను. సాయంత్రం పానాలు కడుగుతూ నువ్వు తొట్టిలో పదమూడు చూశావు, పన్నెండు కనపడలేదు. అప్పుడు నీ ముఖం ఎలా అయిందో నేను చూశాను. నీ కళ్ళని నువ్వే నమ్మడం మానేసిన క్షణం అది. నేను నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాను. "నాదే తప్పు నాన్నా, పన్నెండు కూడా ఎక్కడో పారేశాను" అని వచ్చి చెప్పావు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, "పోనీలే" అన్నాను. క్షమించానన్నట్టు! ఆ పోనీలే తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు కాలతాయి.

ఆ తర్వాత నువ్వు ప్రతి పానా మీద అంకె మూడుసార్లు చదవడం చూశాను. నిన్ను "చిన్నమేస్త్రీ" అని పిలిచేవాళ్ళు ఆ పిలుపు మానేయడం చూశాను. దూరంగా శిక్షణకి వెళతానంటే, మీ అమ్మ వద్దంటే, నేనే పంపించాను. నీ మంచికే అన్నాను. నువ్వు ఎదురుగా లేకపోతే నాకు తేలిక అని ఎవరితోనూ అనలేదు. ఇప్పుడేమో నువ్వు స్టోర్సువైపు మొగ్గుతున్నావు. నా చేయి నమ్మదగ్గది కాదు, నువ్వే అన్నావు కదా నాన్నా అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేశాను. మళ్ళీ బోల్టు ఉపాయం కోసమే విప్పాను. మీ నాన్న ఎలాంటివాడో దీంతోనే తెలుస్తుంది.

ఆ వేడి బోల్టు చేతిలో ఉండగానే, మీ మావయ్య ఆ మాట అనగానే, ఇదంతా చెప్పేశాను. షెడ్డు మధ్యలో, అందరి ముందూ. ఏ నలుగురి ముందు అరిచానో ఆ నలుగురూ దొరకలేదు, పెయింటరు ఆ రోజు రాలేదు. మర్నాడు వాడి దగ్గరికి వెళ్ళి విడిగా చెప్పాను. రొట్టెలాయన వ్యాను తలుపు తాడు విప్పి మళ్ళీ కట్టాడు. తర్వాత, "రెండేళ్ళుగా దగ్గినప్పుడల్లా ఆ పిల్లనే తిట్టుకున్నాను మేస్త్రీ" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది. మీ మావయ్య వెల్డింగు మిషను ఆపి, చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, "బావా, దాన్ని ఎత్తుకుని పెంచాను నేను" అన్నాడు, అంతే, వెళ్ళిపోయాడు. నాలుగు రోజులైంది. పనికి వస్తున్నాడు, నాతో మాట్లాడడు. అద్దం మార్చుకోరా అంటే కూడా పలకడు.

కొత్త పొర వేశాను, ఆరు కొత్త బోల్టులు అంకె చూసి మరీ బిగించాను. అద్దాలు మూసుకుని వీధి చివరిదాకా తోలి చూశాం, పొగ లేదు. వ్యాను బాగైంది.

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. కత్తెర కింద పెట్టి, "రెండేళ్ళు మీకు నిద్రెలా పట్టింది?" అంది. పట్టలేదని చెప్పబోయాను. కానీ పట్టింది, అబద్ధాలు ఇక చాలు. చాలా రోజులు బాగానే పట్టింది. "దానికి నేను చెప్పను. మీ నోటితో అన్నారు, మీ చేత్తో రాయండి" అంది. పోస్టులో కూడా తనే వేస్తుందట. నన్ను నమ్మి ఆ పని అప్పజెప్పదట. ఆ మాత్రం శిక్ష తక్కువే.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు పోనీలే నాన్నా అంటావు, ఆ మాట నా చెవిన పడితే నేను భరించలేను. కోపం వస్తే రానీ. రెండు నెలలు ఉత్తరం రాయకపోయినా సరే, అమ్మకి మాత్రం రాయి.

స్టోర్సా, ఇంజన్లా అని నేను చెప్పను. నీ గురించి తీర్పు చెప్పే అర్హత నాకు ఆ రోజే పోయింది. ఒకటి మాత్రం చెబుతాను. స్టోర్సు నీకిష్టమై తీసుకుంటే తీసుకో, నీ చేయి మంచిది కాదని మాత్రం తీసుకోకు. నా మొండి బోల్టుని వందల మైళ్ళ దూరం నుంచి, నాలుగు వాక్యాలతో తీసిన చేయి అది.

ఉత్తరంతో పాటు ఒక పొట్లం వస్తుంది. మీ అమ్మ నీ పాత షెడ్డు చొక్కా ముక్కలో గట్టిగా చుట్టి కుట్టేసింది, బ్లేడుతో జాగ్రత్తగా విప్పు. రెండేళ్ళు నా ఇనప్పెట్టెలో అడుగున పడి ఉంది. పారేయడానికి చేతులు రాలేదు, ఇవ్వడానికి మొహం చెల్లలేదు. తుప్పు రుద్ది పంపుతున్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీద అంకె పైకి చదువు. ఆ రోజు నువ్వు చెప్పిందే ఉంటుంది.

ఇట్లు,
పన్నెండుని పదమూడు అన్న
మీ నాన్న